పట్టుపురుగు పేగుల్లో పాశ్చర్ చదివిన పాఠం

నరసాపురం, మొగల్తూరు ప్రాంతాల్లో పొద్దున్నే చెరువుగట్టెక్కి చెక్ ట్రే పైకి తీసే రైతు మొదట చూసేది రొయ్య పేగునే. వీపు వెంట నల్లటి గీత తల నుంచి తోక దాకా తెగకుండా కనిపిస్తే గుండె కుదుటపడుతుంది. ఆ గీత ముక్కలు ముక్కలుగా ఉన్నా, తెల్లగా పాలిపోయినా, నీటి మీద తెల్లటి రెట్ట దారాల్లాగా తేలినా ఆ పూట ముద్ద దిగదు. లీజు డబ్బు, సీడు ఖర్చు, మేత షాపులో బాకీ, కరెంటు బిల్లు అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరుగుతాయి. ఆ తర్వాత కాళ్ళు వాటంతట అవే మందుల షాపు వైపు నడుస్తాయి.

ఇలాంటి దిగులే నూట అరవై ఏళ్ళ కిందట ఫ్రాన్సు దక్షిణ జిల్లాల్లోని రైతుల ఇళ్ళను పట్టుకుంది. అక్కడ జీవం రొయ్య కాదు, పట్టుపురుగు. ఆ రైతుల కష్టం చూడటానికి వెళ్ళి, పురుగుల మధ్య ఐదేళ్ళు గడిపి, ఆ పనిలోనే పక్షవాతం తెచ్చుకున్న మనిషి లూయీ పాశ్చర్.

పాశ్చర్ పేరు మనకు కొత్త కాదు. పిచ్చికుక్క కరిస్తే ఒకప్పుడు బొడ్డు చుట్టూ వేయించుకున్న సూదులతో ఆయన పేరు పల్లెలకు చేరింది. 1907లో నీలగిరుల్లోని కూనూరులో ఆయన పేరిట సంస్థ వెలిసిన తర్వాత మద్రాసు రాజధాని జిల్లాల వాళ్ళు కుక్కకాటుకు అంత దూరం వెళ్ళేవారు. పాల పాకెట్టు మీద కనిపించే పాశ్చరైజేషన్ అన్న మాటా ఆయన పేరు మీద వచ్చిందే. అయితే కుక్కకాటుకు మందు కనిపెట్టక ఇరవై ఏళ్ళ ముందే ఆయన రైతుల కోసం చేసిన పని ఒకటుంది. రొయ్యల రైతుకు నేడు అక్కరకొచ్చేది ఆ పనే గనుక దాని కథ ఈ వారం చెప్పుకుందాం.

తోళ్ళ పనివాడి కొడుకు

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు తూర్పున జ్యురా ప్రాంతంలోని డోల్ పట్నంలో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో సార్జెంటుగా పనిచేసి, తిరిగొచ్చి తోళ్ళు పదునుచేసే వృత్తిలో పడ్డాడు. పిల్లవాడు ఆర్బ్వా అనే చిన్న ఊళ్ళో తోళ్ళ వాసన మధ్య పెరిగాడు. చదువులో మొదట్లో పెద్ద మెరుపేమీ లేదు. పట్టుదల మాత్రం ఉంది. 1843లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్‌లో సీటు సంపాదించి రసాయనశాస్త్రం చదివాడు. 1849లో మరీ లోరాన్‌ను పెళ్ళాడాడు. ఆమె చివరిదాకా ఆయన పరిశోధనల్లో చెయ్యి కలిపింది.

1854లో లీల్ పట్నంలో ఆచార్యుడయ్యాడు. అక్కడ బీట్‌దుంపల నుంచి సారాయి తీసే ఒక ఫ్యాక్టరీలో పులిసిన రసం పాడైపోతుంటే చూడమని అడిగారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే మంచి పులుపుకు ఒకరకం జీవులు, చెడిన పులుపుకు వేరే జీవులు కనిపించాయి. పులియటం జీవుల పనేననీ, ఒక్కో రకం జీవి ఒక్కో రకం మార్పు తెస్తుందనీ ఆయనకు నమ్మకం కుదిరింది. ఈ ఎరుకే తర్వాత పట్టుపురుగు పేగులో ఏం జరుగుతున్నదో గుర్తుపట్టటానికి పనికొచ్చింది.

మూడున్నర వేల సంతకాలు

ఫ్రాన్సు దక్షిణాన సెవేన్ కొండల ప్రాంతంలో ఆలెస్ అనే పట్నం ఉంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీని బంగారుచెట్టు అనేవారు. ఆడవాళ్ళు పట్టుగుడ్లను చిన్న సంచిలో పోసి, బట్టల లోపల ఒంటికి కట్టుకుని, ఒంటి వెచ్చదనంతో పొదిగించేవారు. పురుగులు మేత మేసే రోజుల్లో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండేది కాదు. గూళ్ళు అమ్మితేనే పన్నులు కట్టటం, అప్పు తీర్చటం, పెళ్ళి చెయ్యటం. ఆ గూళ్ళ పట్టుతోనే లియోన్ నగరపు వర్తకులు ధనవంతులయ్యారు. ఆ పట్టు నేసిన నేతగాళ్ళు మాత్రం కూలి చాలక 1831లో, మళ్ళీ 1834లో తిరుగుబాటు చేశారు.

అలాంటి ప్రాంతాన్ని పురుగు తెగులు ఊడ్చేసింది. 1853లో దేశం మొత్తం మీద సుమారు 2 కోట్ల 60 లక్షల కిలోల గూళ్ళు పండితే, 1865 నాటికి అది 40 లక్షల కిలోలకు పడిపోయింది. పురుగుల ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు లేచేవి. అందుకే దానికి పెబ్రీన్ అని పేరు పెట్టారు. ఇటలీ నుంచి, తుర్కీ నుంచి గుడ్లు తెప్పించారు, అక్కడా తెగులు పాకింది. చివరకు జపాను గుడ్ల కోసం ఎగబడ్డారు. రైతులు పురుగులకు గంధకం పొగ పెట్టారు, బొగ్గుపొడి చల్లారు, సారాయి చిలకరించారు. మందులమ్మే వాళ్ళకు తప్ప ఎవరికీ లాభం రాలేదు.

1865లో ఆ జిల్లాల రైతులు, భూస్వాములు, మేయర్లు మూడున్నర వేల మందికి పైగా సంతకాలు పెట్టి ప్రభుత్వానికి అర్జీ పంపారు. ఆలెస్‌లో పుట్టిన రసాయన శాస్త్రవేత్త డ్యూమా అప్పుడు సెనేటు సభ్యుడు. ఆయన పాశ్చర్‌కు గురువు. శిష్యుణ్ణి వెళ్ళమన్నాడు. పాశ్చర్ అంతకుముందు పట్టుపురుగును ముట్టుకుని ఎరగడు. దారిలో అవిన్యోన్‌లో ఫాబర్ అనే కీటక శాస్త్రజ్ఞుణ్ణి కలిశాడు. ఆయన చేతికిచ్చిన గూడును చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో ఉన్నదని ఆశ్చర్యపోయాడట. అంత తెలియనితనంతో వచ్చిన మనిషి రైతుల్ని అడిగి తెలుసుకోవటానికి సిగ్గుపడలేదు.

గుడ్డులోనే ఉన్న తెగులు

తెగులు పట్టిన పురుగుల్లో, చిలకల్లో కోడిగుడ్డు ఆకారపు నలుసులు ఉన్న సంగతి అంతకుముందే ఇటలీ శాస్త్రజ్ఞులు చూశారు. వాటిని బట్టి గుడ్లు ఏరవచ్చునని ఓసిమో అనే ఇటాలియన్ వైద్యుడు పాశ్చర్ కంటే ముందే సూచించాడు. ఆ నలుసులు బయట నుంచి వచ్చిన పరాన్నజీవులని మోన్‌పెలియేలోని బెషాం వాదించాడు. పాశ్చర్ మాత్రం అవి రోగం వల్ల ఒంట్లో పుట్టినవేగానీ రోగానికి కారణం కావని రెండేళ్ళు పట్టుబట్టాడు. ప్రయోగాలు చెయ్యగా చెయ్యగా తన మాటే తప్పని తేలింది. 1867 నాటికి మనసు మార్చుకున్నాడు. ముందుగా చెప్పిన బెషాంకు దక్కాల్సిన గౌరవం మాత్రం ఆయన ఇవ్వలేదు. గొప్పవాడి గొప్పతో పాటు ఈ సంగతీ చెప్పుకోవాలి.

కారణం దగ్గర తడబడ్డా, విరుగుడు దగ్గర మొదటి నుంచీ ఆయన దారి సరైనదే. గుడ్డును చూస్తే తెలియదు, తల్లిని చూడాలి అన్నది ఆ దారి. తల్లిచిలకను ఒక్కొక్కదాన్ని విడిగా చిన్న గుడ్డముక్క మీద గుడ్లు పెట్టనిస్తారు. తర్వాత ఆ చిలకను ఆ గుడ్డ మూలకే గుచ్చి ఉంచుతారు. తీరిక చూసుకుని దాన్ని కల్వంలో రెండు చుక్కల నీళ్ళతో నూరి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. నలుసులు కనిపిస్తే గుడ్డముక్కను గుడ్లతో సహా కాల్చేస్తారు. లేకపోతే అవి వచ్చే ఏటికి మంచి గుడ్లు. ఇంతే పని. రైతులకు ఇలాంటి పరికరం చేతకాదని కొందరు పెదవి విరిచారు. పాశ్చర్ పనిచేసే చోట ఎనిమిదేళ్ళ ఆడపిల్ల కూడా ఆ పరీక్ష నేర్చుకుంది.

1866లో 14 రకాల గుడ్ల తల్లుల్ని పరీక్షించి, మరుసటి ఏడు వాటి పంట ఎలా ఉంటుందో రాసి, కవరు మూసి సెయింట్ ఇప్పొలీత్ మేయరు చేతికిచ్చాడు. 1867లో రైతుల పంట ఇంటికొచ్చాక కవరు విప్పితే 14లో 12 అక్షరాలా సరిపోయాయి.

దీంతో గుడ్ల వ్యాపారుల గొంతులో వెలక్కాయ పడింది. పరీక్ష లేని గుడ్లు అమ్ముకుని బతికేవాళ్ళకు ఈ పరీక్ష గిట్టుతుందా? పాశ్చర్ పద్ధతి దండగని ప్రచారం చేశారు. 1868లో ఆలెస్ జనం ఆయన్ను రాళ్ళతో కొట్టి తరిమారని పుకారు కూడా పుట్టించారు. ఆ పుకారు ఆయన మామగారి ఊరిదాకా పాకింది.

రెండో తెగులు పేగులో

పెబ్రీన్ పట్టుబడిందని ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో చిక్కు వచ్చింది. 1867లో నలుసులు లేని మంచి తల్లుల గుడ్లతో పెంచిన 16 మందల్లో 15 చక్కగా పండితే, పదహారోది మొదటి జ్వరం విడిచీ విడవకముందే కూలిపోయింది. చచ్చిన పురుగులు మెత్తబడి, నల్లబడి, కుళ్ళు వాసన కొట్టాయి. వాటిలో వెతికినా నలుసులు లేవు. ఇది వేరే తెగులు. ఫ్లాచరీ అని దాని పేరు, మన పట్టు రైతులూ ఆ పేరే వాడతారు.

పాశ్చర్ ఈసారి పురుగు పేగు కోసి చూశాడు. ఆరోగ్యంగా ఉన్న పురుగు పేగులో ఆకుముద్ద శుభ్రంగా ఉంది. జబ్బు పురుగు పేగులో బాక్టీరియా కిటకిటలాడుతోంది. కొన్ని కదిలే పుల్లల్లాగా, కొన్ని పూసల దండల్లాగా ఉన్నాయి. మల్బరీ ఆకు నలిపి నీళ్ళలో వేసి ఉంచితే గిన్నెలో ఎలా పులుస్తుందో, జబ్బు పురుగు పేగులో అలాగే పులుస్తున్నది. లీల్‌లో బీట్‌దుంపల తొట్టిలో చూసిన చెడు పులుపే ఇప్పుడు పురుగు పొట్టలో కనిపించింది.

మరి అదే ఆకు, అదే గాలి, అదే బాక్టీరియా మంచి పురుగు పొట్టలోకీ పోతున్నది కదా, అది ఎందుకు పులవటం లేదు? ఆయన ఆలోచన ఇక్కడ మలుపు తిరిగింది. పురుగు బలంగా ఉంటే బాక్టీరియాను అదుపులో పెట్టుకుంటుంది. ఎండవేడిమి, గాలాడని గది, ఇరుకు, తడిసిన ఆకు, పులిసిన ఆకు, ఊడ్చని రెట్ట, వీటితో పురుగు బలం తగ్గితే అదే బాక్టీరియా పైచెయ్యి అవుతుంది. అందుకని ఫ్లాచరీకి ఆయన చెప్పిన విరుగుడులో సీసా మందు లేదు. చురుగ్గా మేసి, చురుగ్గా గూడు కట్టిన మందలనుంచే గుడ్లు తియ్యాలి, పలచగా పెంచాలి, గాలి తగలాలి, ఆకు శుభ్రంగా ఉండాలి. పెబ్రీన్ విత్తనంతో వచ్చే తెగులు, ఫ్లాచరీ పెంపకంతో వచ్చే తెగులు. రెంటికీ రెండు దారులు.

ఈ ఐదేళ్ళు ఆయన ఇంట్లో చావుల మీద చావులు. 1865లో తండ్రి పోయాడు, రెండేళ్ళ కూతురు పోయింది. 1866లో పన్నెండేళ్ళ కూతురు టైఫాయిడ్‌తో పోయింది. 1868 అక్టోబరు 19న ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అప్పటికి వయసు 45. మూడు నెలలు తిరక్కముందే, 1869 జనవరిలో, రైలెక్కి మళ్ళీ పురుగుల దగ్గరికి వచ్చాడు. సూక్ష్మదర్శిని ముందు భార్య, కూతురు, శిష్యులు కూర్చుంటే తాను పక్కనుండి నడిపించాడు. 1870లో పట్టుపురుగు తెగుళ్ళ మీద రెండు సంపుటాల పుస్తకం అచ్చయింది.

పురుగు పేగు ఒక కోట

పురుగు తన పేగును ఎలా కాపాడుకుంటుందో పాశ్చర్ కాలానికి తెలియదు. ఆ తర్వాతి శాస్త్రజ్ఞులు అది తేల్చారు.

పట్టుపురుగు మధ్యపేగు రసం గట్టి క్షారం. పిహెచ్ 9 దాటుతుంది. మట్టి పరీక్షలో అంత వస్తే మనం చౌడు నేల అంటాం. చాలా బాక్టీరియా అక్కడ బతకలేవు. ఇది మొదటి కాపలా. రెండోది పొర. మింగిన మేతకూ పేగు గోడకూ మధ్య వడకట్టే గుడ్డ లాంటి పలచటి తొడుగు ఉంటుంది. రొయ్య డొల్లలో ఉండే కైటిన్‌తోనే అది తయారవుతుంది. అరిగిన సారం ఆ పొర గుండా పోతుంది గానీ బాక్టీరియా పోలేదు.

మూడోది పురుగు సొంత మందు. 1981లో స్వీడన్‌కు చెందిన బొమన్ బృందం ఒక పెద్ద పట్టుచిలక జాతి నుంచి బాక్టీరియాను చంపే చిన్న మాంసకృత్తులను వేరుచేసింది. తర్వాత ఈగల మీద పరిశోధనల్లో, ఈ మందు తయారుచేయమని జీవకణాలకు కబురు ఎలా అందుతుందో తెలిసింది. ఆ దారిలో పనిచేసిన ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు హోఫ్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పేగు గోడ కణాలు తమంతట తామే ఈ మందును వదులుతాయి. నాలుగోది, మనం చెరువుకు బ్లీచింగు కొట్టినట్టు, పేగు కణాలు బాక్టీరియా మీద ఘాటైన ఆక్సిజన్ పదార్థాలను చిమ్ముతాయి. ఇది మోతాదు మించితే తన పేగే కాలుతుంది, కాబట్టి దాన్ని చల్లార్చే ఏర్పాటూ పురుగులోనే ఉంది. ఐదోది మరమ్మతు. దెబ్బతిన్న కణాలు రాలిపోతే అడుగున ఉన్న మూలకణాలు విడివడి కొత్తవి పుట్టిస్తాయి.

ఈ కాపలా అంతా ఊరికే రాదు. ఒంట్లో శక్తి ఖర్చవుతుంది. ఎండకూ ఇరుకుకూ ఆకలికీ తల్లడిల్లే పురుగు కాపలా మానేస్తుంది. కొన్ని వైరస్‌లు ముందు పేగు గోడను గుల్ల చేస్తే వెనక బాక్టీరియా జొరబడుతుందని కూడా నేడు తెలుసు. ఒక్కోసారి కోట బలమే శత్రువుకు తాళంచెవి అవుతుంది. 1901లో జపానులో ఇషివాటా పట్టుపురుగుల్ని హఠాత్తుగా చంపే ఒక బాక్టీరియాను గుర్తించాడు. ఆ జాతి బాక్టీరియా చేసే విషపు స్ఫటికం క్షారంలోనే కరిగి పేగు గోడకు చిల్లులు పొడుస్తుంది. బిటి అని మన పత్తి రైతులు 2002 నుంచి వింటున్నది ఆ జాతి పేరే.

చెరువులో అదే కథ

రొయ్య పురుగు కాదు గానీ పురుగుకు దగ్గరి చుట్టం. రెండూ కీళ్ళ కాళ్ళ జీవులే, రెండూ డొల్ల విడిచి పెరిగేవే. రొయ్య పొట్టకు లోపలివైపు డొల్ల లాంటి పూత ఉంటుంది. మధ్యపేగుకూ, కాలేయం పని చేసే గ్రంథికీ ఆ పూత లేదు. అక్కడ మేతను చుట్టిన పలచటి పొర, రొయ్య సొంత మందులే కాపలా. విబ్రియో బాక్టీరియా కన్నేసేది అక్కడే. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు కారణం తేల్చిన సత్వర మరణాల తెగులులో విబ్రియో వదిలే విషం, పురుగుల్ని చంపే బాక్టీరియా విషానికి చుట్టమేనని తేలింది.

ఇంకో పోలిక చూడండి. తెల్ల రెట్టతో, ఎదుగుదల లేకపోవటంతో మన రైతుల్ని ఏడిపిస్తున్న ఈహెచ్‌పి అనే పరాన్నజీవి, పాశ్చర్ చూసిన పెబ్రీన్ నలుసు, రెండూ ఒకే వంశం. మైక్రోస్పోరిడియా అని ఆ వంశం పేరు. ఈహెచ్‌పి బాక్టీరియా కాదు కనుక యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చెయ్యలేదు. సీసా మీద ఏం రాసి ఉన్నా సంగతి అంతే.

యాంటీబయాటిక్ అంటే మనకు చులకన లేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చి ఎందరి ప్రాణాలో నిలిపింది. ఆ జాతి మందుల్ని చెరువులో పోస్తే ఏమవుతుంది? పేగులోని మంచి బాక్టీరియా చస్తుంది, మందుకు లొంగని విబ్రియో మిగులుతుంది. సరుకులో అవశేషాలు దొరికితే కంటైనరు వెనక్కొస్తుంది. 2016లో ఐరోపా దేశాలు మన సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచాయి. ఆ భారం ఎగుమతిదారు మొయ్యడు, ధర తగ్గించి రైతు నెత్తినే వేస్తాడు.

కాబట్టి పాశ్చర్ చెప్పిన రెండు దారులే ఇక్కడా. ఈహెచ్‌పి విత్తనంతో వస్తుంది, తల్లిరొయ్యనూ సీడునూ పిసిఆర్ పరీక్ష చెయ్యాలి. ఒకసారి తెగులు వచ్చిన చెరువు మట్టిలోనూ అది నిలవుంటుంది, పంటకూ పంటకూ మధ్య అడుగు ఎండబెట్టి సున్నం పట్టించాలి. విబ్రియో పెంపకంతో ముదురుతుంది, సీడు పలచగా వెయ్యాలి, చెక్ ట్రే చూసి మేత తగ్గించాలి, అడుగున మిగులు మేత కుళ్ళనీయకూడదు. ఇవి రైతు చేతిలో ఉన్నవి.

రైతు చేతిలో లేనివీ ఉన్నాయి. సీడులో తెగులుంటే నష్టం ఎవరు భరించాలి? నేడు భరించేది రైతే, అందులోనూ బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతు. నరసాపురంలో 2022 నవంబరులో మత్స్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. అలాంటి సంస్థ నుంచి రైతు కోరేది మండలానికొక పరీక్షా కేంద్రం, కౌలు రైతుకు కూడా అందే ధర, తప్పుడు సీడుకు హేచరీ చేత నష్టపరిహారం కట్టించే చట్టం.

పాశ్చర్ తర్వాతి జీవితం లోకానికి తెలిసిందే. 1881లో గొర్రెల దొమ్మరోగానికి టీకా, 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే కుర్రాడికి కుక్కకాటు మందు, 1888లో పారిస్‌లో ఆయన పేరిట సంస్థ. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు. రాజకీయాల్లో ఆయన మన వైపు మనిషి కాడు. మూడో నెపోలియన్ చక్రవర్తికి విధేయుడు, 1876లో సెనేటుకు పోటీచేసి ఓడిపోయిన మితవాది. గొర్రెల టీకా తయారీలో శిష్యుడి పద్ధతి వాడి, ఆ సంగతి బయటికి చెప్పలేదని ఆయన నోటు పుస్తకాలు చదివిన చరిత్రకారులు తేల్చారు. అయినా ఆయన్ను పురుగుల దగ్గరికి నడిపించింది రైతుల సంతకాలే. గుడ్ల వ్యాపారుల పుకార్లకు బెదరకుండా ఆయన చూపిన తల్లిచిలక పరీక్షను మన దేశంలో పట్టుగుడ్ల కేంద్రాలు నేటికీ చేస్తున్నాయి.

పట్టు రైతుకు దక్కిన ఆ హామీ రొయ్య రైతుకు ఎందుకు దక్కకూడదు? సీడు బండి గట్టు మీదికి రాకముందే తల్లిరొయ్య పరీక్ష కాగితం, సీడు పరీక్ష కాగితం చూపమని అడగండి. ఒక్కరు అడిగితే హేచరీ వాళ్ళు వేరే చెరువు చూసుకుంటారు. ఊరి చెరువులన్నీ కలిసి అడిగితే కాగితం తేక తప్పదు. ఆలెస్ రైతులు మొదలుపెట్టింది కూడా సంతకాలు పోగు చెయ్యటంతోనే.